హద్దులు పంచాయతీ చూసింది, పునాది మేమే చూసుకున్నాం

పల్లెటూళ్లో ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జాగ తాతల నాటిది, ముగ్గు పోసుకున్నాం, పిల్లర్లు లేపాం, స్లాబ్ వేసుకున్నాం, మధ్యలో పంచాయతీతో పనేంటి అంటారు. మహబూబాబాద్ జిల్లాలోని మా ఊళ్లో లేచిన ఇళ్లలో ఎక్కువ భాగం అట్లా లేచినవే. నేనూ మా తమ్ముడూ అమ్మ కోసం కట్టిన ఇంటికి మాత్రం మొదటి నుంచీ కాగితం ప్రకారమే పోదామనుకున్నాం. బ్యాంకు అప్పు లేకుండా కట్టే స్తోమత లేకపోవడం ఒక కారణం. 2024లో మా ఊరు చూసినవి అంతకంటే పెద్ద కారణం.

ఆ ఏడాది సెప్టెంబరు 1 తెల్లారేసరికి ఆకేరు వాగు ఊళ్ల మీదికి వచ్చింది. కేసముద్రం దగ్గర కంకర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు అందరూ చూసే ఉంటారు. మా ఊరి పక్క నుంచి పోయే చిన్న వాగు కూడా ఆ రాత్రి మా గల్లీలోకి వచ్చింది. మట్టిగోడల పెంకుటిల్లు మాది. వెనక గోడ నానిపోయి కూలింది. ఆ రాత్రి అమ్మ మా చిన్నమ్మ ఇంట్లో పడుకోవడంతో ఆమె ప్రాణం దక్కింది. మూడు నెలలకు, డిసెంబరు 4 పొద్దున, భూమి కదిలింది. ములుగు జిల్లాలో పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.3. మా చిన్నమ్మ ఇంట్లో గూట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయి. పక్క బజార్లో కట్టి రెండేళ్లయినా కాని ఇంట్లో పిల్లరుకూ గోడకూ మధ్య పైనుంచి కిందిదాకా పగులు వచ్చింది. ఈ రెండూ చూశాక, ఊళ్లో ఇల్లే కదా అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

ఈ పని మొత్తం అయ్యాక నాకు అర్థమైనది ముందే చెప్తాను. అనుమతి అని మనం ఒకే మాటగా అంటాం కానీ అందులో రెండు పనులున్నాయి. జాగ ఎవరిది, ఎంత, రోడ్డుకూ పక్కింటికీ ఎంత వదిలారు అన్నది ఒకటి. ఇది పంచాయతీ చూస్తుంది, బాగానే చూస్తుంది. ఇల్లు వరదకూ భూకంపానికీ నిలుస్తుందా అన్నది రెండోది. అది పల్లెల్లో ఎవరూ వచ్చి చూడరు. డ్రాయింగు మీద ముద్ర పడుతుంది, పిల్లరులో రాడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే మనిషి ఉండడు. ఆ రెండో పని ఇంటివాళ్ల మీదే పడుతుంది.

ముందు జాగ సంగతి. మాది గ్రామకంఠం. ఊరు పుట్టినప్పుడు ఇళ్ల కోసం వదిలిన స్థలం కాబట్టి పొలాలకు ఉన్నట్టు ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు, పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి మాకు నోటిమాట మీదే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఎన్నడూ కాలేదు కాబట్టి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం, తీస్తే అందులో ఏమీ రాదు. బ్యాంకులో మొదటి రోజే లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు, అడిగారు. గ్రామకంఠం ఇంటికి లింక్ డాక్యుమెంటు అంటే ఇంటి పన్ను రసీదులే, కరెంటు బిల్లులే, పంచాయతీ ఇచ్చే ఓనర్‌షిప్ సర్టిఫికెటే. నాన్న సందుగులో పన్ను రసీదులన్నీ ఏడాదివారీగా దారంతో కట్టి పెట్టిపోయాడు. ఆ కట్ట లేకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఊళ్లో పాత ఇల్లు ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కట్టినా కట్టకపోయినా ఈ వారమే ఆ రసీదులు వెతికి ఫోటోలు తీసి పెట్టుకోండి. సెప్టెంబరు వరదలో ఎన్ని ఇళ్ల కాగితాలు బురదయ్యాయో నేను చూశాను.

రసీదులు తీసుకుని పంచాయతీకి పోతే అక్కడ ఇంకో ముడి. మా జాగ 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అంటే 200 గజాలు. ఆన్‌లైన్ రికార్డులో 120 గజాలే ఉంది. 2020లో ధరణి అనే భూముల ఆన్‌లైన్ రికార్డు కోసమని ఊరూరా వ్యవసాయేతర ఆస్తుల కొలతలు తీసుకున్నారు కదా, పాస్‌బుక్కులు మెరూన్ రంగులో వస్తాయన్నారు. కోర్టులో ఆగి అవి రాలేదు గానీ ఆ కొలతలు మాత్రం కంప్యూటర్లో ఉండిపోయాయి. అప్పుడు వచ్చినవాళ్లు పెంకుటిల్లు ఉన్నంత మేరే టేపు పట్టారు. వెనక దొడ్డి, పశువుల కొట్టం లెక్కలోకి రాలేదు. అమ్మ ఒక్కతే ఉన్నది, వాళ్లు ఏం రాసుకున్నారో ఆమెకు చూపించలేదు.

దీన్ని సరిచేయించడానికి పట్టినంత కాలం ఇంకే పనికీ పట్టలేదు. పంచాయతీ కార్యదర్శి చిన్న వయసు అమ్మాయి, పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగం, ప్రతి కాగితం మీద తన సంతకం ఉంటుందని భయం. "మేడం, నేను మార్చిన్నంటే రేపు ఎవరైనా కంప్లైంట్ పెడితే నా ఉద్యోగానికి వస్తది. నాకు చుట్టుపక్కల వాళ్ల సంతకాలు కావాలె, పాత రిజిస్టర్ కావాలె" అన్నది. ఆమె తప్పేం లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం అక్రమ కట్టడాల బాధ్యత కార్యదర్శి నెత్తిన పెట్టింది. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసి ఊరు సర్కారు వేసిన ప్రత్యేకాధికారి కింద ఉంది. ఆయనకు ఇంకా రెండు మూడు ఊళ్లు. ఊళ్లో పెద్దమనిషిగా నిలబడి 'అవును, ఇది వీళ్లదే' అని చెప్పే సర్పంచి లేడు.

దారి చూపింది మా కారోబార్. ముప్పై ఏళ్లుగా ఊరి పన్నులు వసూలు చేస్తున్న మనిషి. పాత చేతిరాత డిమాండ్ రిజిస్టర్లలో, అంటే పన్ను పుస్తకాల్లో, ఇంటి నంబరు పక్కన నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటాయని ఆయనకు గుర్తుంది. బీరువా కింద అరలోంచి తీసిన రిజిస్టర్లో తాత పేరు మీద మా ఇల్లు, దొడ్డి, తూర్పున ఎవరు, పడమట బాట, అన్నీ ఉన్నాయి. దాని నకలు తీసుకుని, మూడు వైపుల ఇళ్లవాళ్ల సమక్షంలో కొలతలు వేసి పంచనామా రాశారు. తూర్పు ఇంటి పెద్దాయన సంతకం పెట్టే ముందు తన గోడ నుంచి తానే టేపు పట్టుకుని కొలిపించాడు. నాకు అది మంచిగనే అనిపించింది. ఆ రోజు తేలింది కాబట్టే తర్వాత పునాది తీసేటప్పుడు ఒక్క మాట రాలేదు.

నాన్న పేరు మీది నుంచి నా పేరు మీదికి మార్చే పని దీనితో పోలిస్తే తేలిక. నేను టీచర్ని, జీతం ఉంది కాబట్టి అప్పు నా పేరు మీద రావాలి. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మా తమ్ముడూ నాకు రాసిచ్చిన రిజిస్టర్డ్ దస్తావేజు, అందులో అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదేనన్న వాక్యం. ఆ వాక్యం పెట్టమని అడిగింది నేనే. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బాగున్న రోజుల్లోనే రాసుకోవాల్సినవి ఇవి.

ఇక ప్లాన్. మేస్త్రి మంచివాడే. చేత్తో కాగితం మీద గీసి, "ఇగో అక్కా, రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, పోదాం" అన్నాడు. పంచాయతీకి పెట్టాలంటే లైసెన్స్ ఉన్న ఇంజనీరు గీసిన ప్లాన్ కావాలి, సైటు ప్లాన్ విడిగా ఉండాలి. హన్మకొండలో ఒక ఇంజనీరు దొరికాడు. అతను మొదట అడిగిన ప్రశ్న ఎన్ని గదులని కాదు. "సెప్టెంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినై?" అన్నాడు. బడి గోడ మీద బురద గీత ఇంకా ఉంది. లెవెల్ పట్టి అక్కడి నుంచి మా జాగకు తెచ్చి, ఆ గీత కంటే అడుగున్నర పైకి ఇంటి నేల ఉండాలని రాశాడు. రోడ్డు మీది నుంచి చూస్తే నాలుగు అడుగులకు పైనే బేస్‌మెంట్. అమ్మ మోకాళ్ల నొప్పులకు మెట్లు కష్టమని, ఒక పక్క వాలుబాట పెట్టించాం.

వాగు దూరం కూడా అతనే చూశాడు. పట్టణాల బిల్డింగ్ రూల్స్‌లో పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకైతే గట్టు నుంచి తొమ్మిది మీటర్లు, పది మీటర్ల లోపు దానికి రెండు మీటర్లు వదలాలని ఉంది. చెరువులూ కుంటలైతే ఎఫ్‌టీఎల్ గీత (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లూ ఆ పైన విస్తీర్ణం ఉంటే ముప్పై. మా ఇల్లు వాగుకు చాలా దూరం, ఇబ్బంది లేదు. కానీ ఆ లెక్క విన్నాక మా ఊళ్లో వాగు అంచున లేచిన షెడ్లు గుర్తొచ్చాయి. వరద మా గల్లీలోకి ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది.

ముందు రోడ్డు వైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలన్నాడు. మేస్త్రి ఇష్టపడలేదు. ఊళ్లో గోడకు గోడ ఆనించి కట్టడం అలవాటు. "మీటరు ఇడిస్తే ఆ జాగల పక్కోడు బర్రెను కట్టేస్తడు" అన్నాడు. ఇంజనీరు అతనికి పక్కనున్న ఇంటి గోడ చూపించాడు. రెండు ఇళ్ల మధ్య జానెడు సందులో వాన నీళ్లు నిలిచి ఇద్దరి గోడలూ చెమ్మ పట్టి ఉన్నాయి. భూకంపం వస్తే రెండు ఇళ్లూ విడివిడిగా ఊగి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, మధ్యలో జాగ లేకపోతే రెండూ దెబ్బతింటాయి అని చెప్పాడు. ఆ తర్వాత మేస్త్రి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా గల్లీలో పదకొండు కేవీ కరెంటు లైను పోతుంది. దానికీ కట్టడానికీ మధ్య పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఉండాలి. గోడ నుంచి కొలిస్తే ఉంది. సజ్జ నుంచి కొలిస్తే లేదు. సజ్జ తగ్గించి, మెట్లను ముందు వైపు నుంచి పక్కకు మార్చాం. డాబా ఎక్కి బట్టలారేసే మనిషి చెయ్యి ఎంత దూరం పోతుందో ఆలోచించి కొలవమన్నాడు ఇంజనీరు. ఊళ్లో లైన్ల కింద డాబాలు కట్టుకున్నవాళ్లు ఎంతమందో, ప్రతి వానాకాలం ఎక్కడో ఒక చోట ప్రమాదం వింటూనే ఉంటాం.

సెప్టిక్ ట్యాంకు దగ్గర అసలు చిక్కు వచ్చింది. ట్యాంకు నీళ్లు ఇంకే గుంత తాగునీటి బావికో బోరుకో 18 మీటర్ల దూరంలో ఉండాలి, అంటే దాదాపు అరవై అడుగులు. ఆగ్నేయం మూలకు ఆవల తూర్పు ఇంటివాళ్ల బోరు ఉంది, వాళ్లు ఆ నీళ్లే తాగుతారు. మేస్త్రి గుంతను ఇంటి వెనక, ఆ బోరు పక్కనే గీశాడు. మాది పడమటి ముఖం ఇల్లు కాబట్టి వాయవ్యం మూల అంటే ముందు భాగం. అక్కడికి మారిస్తే దూరం సరిపోయింది, వాయవ్యం అనేసరికి పంతులు కూడా అడ్డు చెప్పలేదు. వాకిట్లో సెప్టిక్ ట్యాంకా అని చుట్టాలు ముఖం చిట్లించారు. పెద్దాయన ఇంట్లో ఇద్దరు పసిపిల్లలున్నారు. వాళ్లు తాగే నీళ్ల కంటే వాకిలి అందం ఎక్కువా అని అమ్మే వాళ్లకు చెప్పింది.

దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాం. దస్తావేజు, పన్ను బకాయి లేదన్న రసీదు, ప్లాన్లు, అఫిడవిట్, జాగ ఫోటోలు. ఫీజుతో పాటు లేబర్ సెస్ కట్టమన్నారు. అప్పట్లో నిర్మాణ ఖర్చు పది లక్షలు దాటిన సొంత ఇంటికి ఒక్క శాతం ఉండేది. ఇదెందుకని చాలామంది విసుక్కుంటారు. అప్పుడు అమల్లో ఉన్న 1996 చట్టం ప్రకారం ఆ డబ్బు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు పోతుంది. కూలికి ప్రమాదం జరిగితే, ఇంట్లో ఆడపిల్ల పెళ్లయితే, కాన్పయితే ఇచ్చే సాయం అందులోంచే. ఆ మాట మీద మా మేస్త్రిని అడిగితే అతని దగ్గర పనిచేసేవాళ్లలో సగం మందికి ఆ బోర్డు ఇచ్చే లేబర్ కార్డే లేదు. పనులు మొదలయ్యేలోపు అందరికీ కార్డులకు పెట్టించాం. సెంట్రింగ్ మీది నుంచి పడి మనుషులు పోయే పని ఇది. సెస్ కట్టాల్సి వస్తే దాని మీద బేరం ఆడకండి.

అనుమతి రాకముందే ముహూర్తం వచ్చింది. 2025 వైశాఖంలో మంచి రోజు పెట్టుకున్నాం, కాగితం ప్రత్యేకాధికారి దగ్గర ఆగింది. "ఈ దినం పోతే మళ్ల శ్రావణం దాక లేదంటున్నడు పంతులు. వానలు మొదలైతే గుంతలెట్ల తీస్తరు బిడ్డా?" అని అమ్మ బాధ. ఊళ్లో అందరూ తవ్వేయమన్నారు. బ్యాంకు మేనేజరును అడిగితే, అనుమతి తేదీకి ముందు పని మొదలైనట్టు ఇంటి విలువ కట్టే వాల్యుయర్ రాస్తే అప్పు మొదటి విడతే ఆగుతుందన్నాడు. అమ్మకు నచ్చజెప్పి ముహూర్తానికి ముగ్గు పోసి, ఈశాన్యంలో కొబ్బరికాయ కొట్టి, పూజ వరకే చేశాం. గడ్డపార వేయలేదు. అనుమతి చేతికి వచ్చాక పంతుల్ని అడిగితే, ముహూర్తానికి పూజ అయిపోయింది కాబట్టి తవ్వకానికి వేరే చూడనవసరం లేదన్నాడు. ఇట్లాంటి మధ్యేమార్గం మన ఊళ్లలో పంతుళ్లు సంతోషంగా చెప్తారు, అడగాలి అంతే.

ఇక్కడితో పంచాయతీ పని దాదాపు అయిపోయింది. ఇక్కడి నుంచి మమ్మల్ని చూసేవాళ్లు లేరు. సర్కారు సాయంతో కట్టే ఇందిరమ్మ ఇల్లయితే డబ్బు దశలవారీగా విడతల్లో వస్తుంది కాబట్టి ప్రతి దశకూ వచ్చి ఫోటో తీస్తారు. అందులోనైనా పని ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది గానీ లోపల ఏముందో కనిపించదు. సొంత డబ్బుతో కట్టేవాళ్ల దగ్గరికి ఆ ఫోటోకైనా ఎవరూ రారు. బ్యాంకు వాల్యుయర్ వస్తాడు, గోడలు ఎంత ఎత్తు లేచాయో చూసి పోతాడు. మండలానికి ఒక్క ఇంజనీరు ఉన్నా చాలు, పునాది రోజొకసారి, స్లాబుకు ముందు రోజొకసారి వచ్చి చూసి సంతకం పెట్టే నియమం పల్లెలకూ రావాలి. అది వచ్చేదాకా మేం చేసినట్టు ఇంజనీరుకు డ్రాయింగు ఫీజుతో ఆపకుండా, ముఖ్యమైన రోజుల్లో సైటుకు రావడానికి కూడా విడిగా మాట్లాడుకోవడమే దారి. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న భాగం.

మా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఊళ్లో ఇళ్లకు ఏటా కొత్త పగుళ్లు రావడానికి సగం కారణం అదే. పునాది గుంతలు రేగడి దాటి గట్టి మొరం తగిలేదాకా తీయించాడు ఇంజనీరు. ఆరడుగులు దాటింది. తవ్విన నల్లమట్టినే మళ్లీ బేస్‌మెంటులో నింపుదామన్నాడు మేస్త్రి, ఊరికే దొరికే మట్టి కదా. అది లోపల ఉబ్బితే బండలు లేస్తాయని, మొత్తం బయటికి పంపి మొరం తోలించాం. పొరపొరగా పోసి, నీళ్లు పట్టి, దిమ్మిస కొట్టించాం. ట్రాక్టర్ ఖర్చు చూసి తమ్ముడు కాసేపు మాట్లాడలేదు.

పిల్లర్ల దగ్గర పెద్ద వాదన. ఊళ్లో అలవాటు తొమ్మిది అంగుళాల చదరం, నాలుగు రాడ్లు. గోడ తొమ్మిది అంగుళాలు కాబట్టి పిల్లరు అందులో కలిసిపోతుంది. దేశాన్ని భూకంపాల ప్రమాదాన్ని బట్టి జోన్లుగా విడగొట్టిన మ్యాపులో, ఇంజనీరు అప్పుడు చూసినదాని ప్రకారం, భద్రాచలం వైపు గోదావరి లోయ మూడో జోన్. 1969లో అక్కడ 5.7 తీవ్రతతో భూమి కదిలింది, మొన్నటిది ములుగులోనే. మన గల్లీ ఏ జోన్ కిందికి వస్తుందని తర్కం పెట్టుకోకుండా మూడో జోన్‌కు తగ్గట్టే కడదాం అన్నాడు ఇంజనీరు. అంటే పిల్లరు 12 అంగుళాల చదరం, నాలుగు మూలలా 16 ఎంఎం రాడ్లు, మధ్యలో 12 ఎంఎంవి నాలుగు. ఆ రాడ్ల చుట్టూ కట్టే రింగులు పిల్లరు పైనా కిందా అడుగున్నర మేర మూడు అంగుళాలకు ఒకటి, మధ్యలో ఆరు అంగుళాలకు ఒకటి. రింగు కొన 90 డిగ్రీలకు వంచి వదిలేయకూడదు. 135 డిగ్రీలకు, లోపలి కాంక్రీటులోకి దిగేలా వంచాలి. భూమి ఊగినప్పుడు పైపెచ్చు రాలిపోతే 90 డిగ్రీల కొక్కెం విప్పుకుంటుంది, రాడ్లు బయటికి ఉబుకుతాయి.

మేస్త్రికి కోపం వచ్చింది. "అక్కా, ముప్పై ఏండ్ల సంది కడుతున్న. నేను కట్టిన ఇల్లు ఒక్కటన్న పడ్డదా? పిల్లరు గోడలకెల్లి బయటికి కనిపిస్తే చూసెటోళ్లు నవ్వుతరు."

"పడలేదన్నా. కానీ మొన్న భూమి కదిలినప్పుడు పగిలిన ఇల్లు చూసినవ్ కదా. అది కూడా మంచి మేస్త్రి కట్టిందే."

కాసేపు ఊరుకుని, "రింగులు మా పోరలతోని కాదు, నేనే వంచుత" అన్నాడు. అట్లాగే కూర్చుని వంచాడు కూడా. పని తెలిసిన మనిషికి కారణం చెప్తే వింటాడు. ఇంటివాళ్లు ఫోన్లో చూసి వచ్చి పెత్తనం చేస్తేనే మొండికేస్తాడు. లింటెల్ విషయంలో అతనే ముందుకు వచ్చి, తలుపులూ కిటికీల మీద ముక్కలు ముక్కలుగా కాకుండా ఇల్లంతా చుట్టి ఒకే కట్టుగా పోద్దామన్నాడు. ఇంజనీరు డ్రాయింగులో ఉన్నది కూడా అదే.

కాంక్రీటులో మోసం సిమెంటుతో కాదు, నీళ్లతో జరుగుతుంది. మిల్లర్లో, అంటే కాంక్రీటు కలిపే మిషన్లో, పోసేవాళ్లకు పలచగా ఉంటే పని తేలిక, నీళ్ల పైపు కనపడితే చాలు, తిప్పేస్తారు. మాది ఎం20 రకం కాంక్రీటు, ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. యాభై కిలోల బస్తాకు 27 లీటర్లకు మించి నీళ్లు వద్దన్నాడు ఇంజనీరు. వాన పడి ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. స్లాబు రోజున తమ్ముడు పొద్దుటి నుంచి మిల్లర్ పక్కనే కొలత బకెట్ పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ముందు రోజు సాయంత్రం ఇంజనీరు వచ్చి రాడ్లకు బయట తగినంత కాంక్రీటు పొర (కవర్) ఉండేలా పెట్టే కవర్ బ్లాకులు చూశాడు. స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40. చాలాచోట్ల కంకర రాయి పెట్టి సరిపెట్టారు, అవన్నీ తీయించి బ్లాకులు పెట్టించాడు. ఆ కవర్ లేకపోతే పదేళ్లకు రాడ్లు తుప్పు పట్టి స్లాబు కింద పెచ్చులు ఊడతాయి. మా బడి పాత గదుల్లో పిల్లల నెత్తిన పెచ్చులు పడకుండా బెంచీలు జరుపుకుంటూ పాఠం చెప్పినదాన్ని, ఆ సాయంత్రం నేనూ టార్చి పట్టుకుని సెంట్రింగ్ మీద మూలమూలా చూశాను.

నీళ్లు కట్టడం పీపీసీ అనే రకం సిమెంటుకు కనీసం పది రోజులు. మేం రెండు వారాలు కట్టాం. ఏడో రోజుకే సెంట్రింగ్ షీట్లు ఇంకో ఇంటికి కావాలని వచ్చారు. హాలు వెడల్పు ఎక్కువ, పధ్నాలుగు రోజులు అయ్యాకే విప్పుతామని ముందే మాట్లాడుకుని ఉన్నాం, రెండో వారం అద్దె ఇచ్చాం. స్లాబు రోజున తీసిన కాంక్రీటు దిమ్మెలను 28 రోజులకు ల్యాబులో నొక్కి చూస్తే బలం ఎం20కి కావాల్సిన 20 మెగాపాస్కల్స్ దాటింది. ఆ చిన్న కాగితాన్ని దస్తావేజుతో పాటే పెట్టాను.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలై కొత్త సర్పంచి వచ్చేసరికి ఇల్లు పూర్తయింది. కార్యదర్శి, కారోబార్ వచ్చి కొలిచి, అనుమతి ప్లానుతో సరిచూసి, ఇంటి పన్ను మళ్లీ లెక్కగట్టారు. రికార్డులో ఇప్పుడు 200 గజాలే ఉంది. బ్యాంకు చివరి విడత ఆ కొత్త పన్ను కాగితం చూపించాకే వచ్చింది. కట్టడానికి తీసుకున్న తాత్కాలిక కరెంటు కనెక్షన్ను ఇంటి మీటరుగా మార్పించుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే ఎక్కువ రేటు బిల్లు వస్తూనే ఉంటుంది.

తమ్ముడు పైన ఇంకో అంతస్తు వేద్దామంటున్నాడు. పునాదీ పిల్లర్లూ దానికి సరిపోయేలా లెక్క కట్టినవే, కానీ మాకున్న అనుమతి కింది అంతస్తుకే. పైది వేయాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, లైను దూరం మళ్లీ కొలవాలి. పిల్లర్ల పైన వదిలిన రాడ్లు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి పలచటి కాంక్రీటు తొడుగు వేయించాం. డ్రాయింగులు రెండు సెట్లు తీయించి ఒకటి వాడి దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాం. తూర్పు ఇంటి పెద్దాయన తన కొడుకు ఇంటికోసం మా సెట్టు అడిగాడు. ఇవ్వడం ఇచ్చాను గానీ, మా పిల్లర్ల లెక్క వాళ్ల ఇంటికి పనికిరాదని, చూసేందుకే వాడుకోమని చెప్పి, ఇంజనీరు ఫోన్ నంబరు కూడా రాసిచ్చాను.